పాత డంపరుకే దారి

మా చెల్లెలి కూతురు సంధ్య మంగళవారం సాయంత్రం ఫోన్ చేసి, "మామా, శనివారం పరీక్ష ఉంది. మన దిక్కు నుంచి ఒక్కరన్న ఉండాలె. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులాయె. నువ్వు రారాదు?" అంది. ముప్పై దాటినదానికి ఇంకా పరీక్షలేమిటని నేను నవ్వాను. అవతల నుంచి నవ్వు రాలేదు. సరే, వస్తానన్నాను.

తాండూరు పక్కన కరణ్‌కోట దాటాక ఒక సున్నపురాయి గని ఉంది. పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి రాయను. అందులో సంధ్య, మరో నలుగురు ఇంజనీర్లు మూడేళ్ళుగా ఒకే పని పట్టుకుని ఉన్నారు: రాయి మోసే పెద్ద బండ్లను డ్రైవర్ లేకుండా నడిపించడం. అన్నీ ఒకే కంపెనీ కొత్త బండ్లయితే అదేం గొప్ప కాదట, తయారుచేసినవాళ్ళే తలకాయతో సహా అమ్ముతారట. ఈ గనిలో ఉన్నవి రెండు పాత డంపర్లు, ఒక కొత్త డంపరు, ఒక కాంట్రాక్టరు టిప్పరు. మూడు కంపెనీలవి, మూడు వయసులవి. ఈ కలగాపులగం మందనంతా ఒకే దారిలో, ఒకదానికొకటి అడ్డం పడకుండా తిప్పాలి.

పరీక్ష సంగతి ఇదీ. శనివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, ఒక షిఫ్టంతా, మనిషి చెయ్యి తగలకుండా నాలుగూ తిరగాలి. తిరిగితే పాత బండ్లు గనిలోనే ఉంటాయి, మూడు షిఫ్టులకూ కలిపి ఉన్న పదకొండు మంది డ్రైవర్లకు కంట్రోల్ రూములో పని దొరుకుతుంది. ఒక్కసారి చెయ్యి తగిలినా పాతవి తుక్కుకు పోతాయి. వాటి స్థానంలో ఒకే కంపెనీ కొత్త బండ్లు వస్తాయి, వాటిని చూసుకునే మనుషులు కూడా ఆ కంపెనీ నుంచే వస్తారు. పదకొండు మంది ఇంటికి పోవాల్సిందే.

నేను ముప్పై మూడేళ్ళు రైల్వే బుకింగ్ కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి. టికెట్లు యంత్రం ఇస్తుందని చెప్పినప్పుడు నమ్మలేదు. అది వచ్చి మా కిటికీల్లో సగం మూయించింది. కాబట్టి ఈ డ్రైవర్ లేని బండ్ల మీద నాకు మొదటి నుంచీ కడుపుమంటే. పిల్ల బాధపడుతుందని ఆ మాట పైకి అనలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకే సికింద్రాబాద్ స్టేషనుకు చేరాను. ప్యాసింజర్ టికెట్ ధర చూస్తే, స్టేషన్లో రెండు చాయ్‌లు తాగినా అంతే అవుతుంది. లింగంపల్లి దాకా నిలబడే ప్రయాణం, ఆ తర్వాత కిటికీ దొరికింది. శంకరపల్లి దాటగానే ఊరి కంపు వదిలి మట్టి వాసన మొదలైంది. ఎదుటి సీట్లో బషీరాబాద్ వెళ్ళే ఒక పెద్దావిడ సంచిలోంచి జొన్నరొట్టె తీసి, అడగకుండానే సగం నా చేతిలో పెట్టింది. ఎక్కడికని అడిగితే గని సంగతి చెప్పాను.

"డ్రైవర్ లేకుంట లారీ పోతదా?" అంటూ ఆమె మిగతా సగం తను తుంచుకుంది. "మరి తోవల ఎవరన్న చెయ్యెత్తితే ఆపేదెవరు?"

నేను ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. రొట్టె మాత్రం బాగుంది.

తొమ్మిది దాటాక వికారాబాద్‌లో దిగిపోయాను. ఎటూ సంధ్యకు గురువారం తీరిక లేదు కాబట్టి అనంతగిరి చూసి పోదామనుకున్నాను. స్టేషన్ బయట ఆటో అతను పోనూ రానూ బేరం కుదుర్చుకుని, "మంచిరోజు వచ్చిన్రు సార్. ఆదివారమైతే హైదరాబాద్ అంతా ఈడనే ఉంటది" అన్నాడు. పద్మనాభస్వామి గుడిలో పది మంది కూడా లేరు. గుడి కిందుగా అడవిలోకి మెట్లున్నాయి. దిగడం సులువే, ఎక్కడం నా వయసుకు కష్టం. మూసీ ఇక్కడే పుడుతుందని పూజారి చెయ్యి చూపించాడు. మా ఊళ్ళో ఆ నది గతి తెలిసినవాణ్ణి కాబట్టి ఆ కాస్త తేట నీళ్ళను చూసి నాకు బాధనిపించింది. సంధ్య పేరున అర్చన చేయించాను. నమ్మకం లేని పనికి దేవుడి దగ్గర సిఫారసు చేయడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి వికారాబాద్ బస్టాండులో తాండూరు బస్సు దొరికింది. దారంతా కంది చేలు. తాండూరు పొలిమేరకు వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా నాపరాళ్ళను కోసే షెడ్లు, నిలువుగా పేర్చిన బండలు, గాలి నిండా తెల్లని పొడి. బస్టాండు దగ్గరే లాడ్జిలో రూము ఎనిమిది వందలు. వేడినీళ్ళు పొద్దున ఏడు లోపలే, తర్వాత అడిగి లాభం లేదు. ఈ దారిన వెళ్ళేవారు గుర్తుంచుకోండి.

శుక్రవారం ఆరున్నరకు కరణ్‌కోట బస్సెక్కాను. బస్సు నిండా పనివాళ్ళు, వాళ్ళ మాటల్లో తెలుగూ, ఉర్దూ, మధ్యలో కన్నడం. నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చున్నాడు. వయసు యాభై పైనే, అరచేతులు చెక్కలా గట్టిగా ఉన్నాయి. ఆయనే మొగులప్ప. ఆ గనిలోనే పాత డంపరు డ్రైవరు, ఇరవై ఆరేళ్ళుగా. నేను సంధ్య మేనమామనని తెలియగానే లేచి నాకు కిటికీ సీటిచ్చాడు.

"మీ బిడ్డ మస్తు కష్టపడుతుంది సార్. మూడు కంపెనీల బండ్లకు మూడు భాషలుంటయంట. మూడింటికి తెలిసే ఒక్క భాష ఆమెనే రాసింది."

"మరి నీ బండి నువ్వు లేకుండా నడిస్తే నీకు బాధ లేదా?" అని అడిగాను. నా మనసులో ఉన్న మాట అదే.

ఆయన నా వైపు తిరిగాడు. "నా నడుం ఎప్పుడో పోయింది సార్. కూసోని సూసే పనైతే ఇంకో ఏడెనిమిదేండ్లు చేస్త. గా పరీక్ష తప్పితేనే బాధ. సోమవారం నాలుగు బండ్లు కలిపి తిప్పుడు మొదలువెట్టిన్రు, అప్పటి సంది ఎత్తు మీద ఒక మలుపు కాడ ఆగుతున్నయ్. ఎందుకో ఎవ్వరికి సమజ్ అయితలేదు."

గని గేటు దగ్గర సంధ్య ఎదురొచ్చింది. కళ్ళు లోపలికి పోయి, చెంపలు పీక్కుపోయి ఉంది. నన్ను చూసి నవ్వబోయి ఊరుకుంది. నేను తెచ్చిన చేగోడీల డబ్బా అక్కడే నిలబడి సగం తినేసింది.

కంట్రోల్ రూమంటే ఏదో అనుకున్నాను, గుట్ట మీద ఒక రేకుల గది. అద్దంలోంచి గని మొత్తం కనబడుతుంది. కింద గుంట, గుంటలోంచి పైకొచ్చే ఎత్తుదారి, పైన రాళ్ళు పిండిచేసే క్రషర్. ఎత్తుదారి పైకొచ్చే చోట ఒక రాతి గోడ ఇంకా తవ్వకుండా మిగిలింది, అక్కడ మలుపులో ఒక్క బండే పడుతుంది. పాతదైనా కొత్తదైనా ప్రతి బండికీ నెత్తిన కెమెరాలు. పాతవాటికి స్టీరింగు తిప్పే మోటారు, గేరు మార్చే, బ్రేకు నొక్కే ఇనుప కడ్డీలు సంధ్యవాళ్ళే బిగించారు. డ్రైవర్ సీట్లు ఖాళీ. మొదటిసారి చూసినప్పుడు లోపల ఎవరన్నా వంగి కూర్చున్నారేమోనని వెతికాను.

అరగంటలోనే మొగులప్ప చెప్పింది నా కళ్ళతోనే చూశాను. రాయి నింపుకుని పాత డంపరు కింది నుంచి వస్తోంది. ఖాళీ కొత్త డంపరు పైనుంచి దిగుతోంది. రెండూ మలుపుకు అటొకటి ఇటొకటి ఆగాయి. ఆగి, నువ్వు పో అన్నట్టు చూస్తూ నిలబడ్డాయి. చాలాసేపటికి రెండూ ఒకేసారి ఒక అడుగు వేశాయి. వేసి, మళ్ళీ రెండూ ఆగాయి. వెనక టిప్పరు వచ్చి అదీ ఆగింది. చివరికి సంధ్య పక్కనున్న కుర్రాడు మీట నొక్కి కొత్తదాన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది.

"ఇదే మామా," అంది సంధ్య. "నియమాలన్నీ పుస్తకంల ఉన్నట్టే పెట్టినం. ఎంత దూరంల ఆగాలె, ఎంత సేపు సూడాలె అన్నది మాత్రం డ్రైవర్లు నడిపింది సూసి నేర్పినం. పదిహేను రోజులు ప్రతి బండిల కెమెరా పెట్టి రికార్డు చేసినం. డ్రైవర్లు ఒక్కసారి సుత ఇట్ల ఇరుక్కోలే. ఇవెందుకు ఇరుక్కుంటున్నయో తెలుస్తలేదు." ఆమె అద్దంలోంచి మలుపునే చూస్తోంది. "రేపు ఇట్లనే అయితే అయిపోయినట్టే."

ఆ బండ్ల తీరు నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. టీ తాగుతుండగా తట్టింది. మా స్టేషనుకు ఇన్‌స్పెక్షన్ వచ్చే రోజు మేమంతా అలాగే ఉండేవాళ్ళం. ప్రతి టికెట్టూ రెండుసార్లు చూసి, ప్రతి ప్రయాణికుడికీ నమస్కారం పెట్టి, ఒకడి పని ఇంకొకడు అందుకోబోయి ఆగి, మర్యాదలకు పోతుంటే వరస రోడ్డు మీదికి పోయేది. ఆఫీసరు వెళ్ళాక పావుగంటలో మా పద్ధతిలో వరస మొత్తం ఖాళీ చేసేవాళ్ళం. 

మొగులప్ప తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను నేరుగా అడిగేశాను. "ఏమయ్యా, ఆ పదిహేను రోజులు మీరు రోజూ నడిపినట్టే నడిపారా?"

ఆయన మొహం మాడిపోయింది. సంధ్య కుర్చీలోంచి లేచింది.

"లేదు సార్," అన్నాడు మొగులప్ప. "కెమెరాలు పెట్టంగనే మేమంతా కూసోని మాట్లాడుకున్నం. పెద్ద ఆఫీసర్లు సూస్తరు, ఇజ్జత్ తోని నడపాలె అనుకున్నం. మలుపు కాడికి పోవుడు, ఆగుడు, నువ్వు పో అంటే నువ్వు పో అనుడు. పెండ్లికి పోయినట్టు నడిపినం. ఆఖరికి ఎవరో ఒకరం చెయ్యి ఊపితే ఇంకొకరం పోయినం. గీ బండ్లకు చెయ్యి లేదు కద."

"మరి రోజూ ఎట్ల నడుపుతరు కాకా?" సంధ్య గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

"పుస్తకంల మలుపు కాడ ఆగాలని ఉంది. మేం ఆడ ఆగం బిడ్డా. కింద ఒకటి, పైన ఒకటి వెడల్పు జాగలున్నయ్ సూడు, ఆడనే ఆగుతం. లోడు బండికి దారి. రెండూ లోడుతోని వస్తే పాతదానికి దారి. పాతది చడావు ఎక్కుకుంట నడుమ ఆగితే మళ్ళ లేవది. కొత్తది ఏడ ఆగినా లేస్తది. ఇరవై ఏండ్ల సంది గిదే పద్ధతి. పుస్తకంకు ఉల్టా కద, రికార్డు అయితే మెమో ఇస్తరని భయపడ్డం." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నీ మూడేండ్ల కష్టం మేమే ఖరాబ్ చేసినం."

నేనైతే అరిచి గోల చేసేవాణ్ణి. సంధ్య ఆయన చెయ్యి పట్టుకుని తిన్నగా మేనేజరు గదికి తీసుకెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. మేనేజరు కళ్ళజోడు తీసి అంతా విన్నాడు. సంధ్య ఒక్కటే అడిగింది: "ఈ పూట డ్రైవర్లు వాళ్ళ పద్ధతిల నడుపుతరు సార్, మేం రికార్డు చేస్తం. మెమో ఇచ్చేదుంటే నా పేరు మీద ఇయ్యండి." ఆయన మొగులప్పను అడిగాడు, ఆ పద్ధతిలో ఎప్పుడన్నా రెండు బండ్లు తగిలాయా అని. "ఒక్కసారి సుత లేదు సార్" అన్నాడు మొగులప్ప. "అయితే కానివ్వండి" అన్నాడు మేనేజరు.

మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నేను చూసింది మరిచిపోలేను. పదకొండు మందీ వచ్చేశారు, సెలవులో ఉన్నవాళ్ళు కూడా. కెమెరా ఉందన్న భయం లేకుండా, వంతులవారీగా రోజూ నడిపినట్టే నడిపారు. కింది బండి కదలకముందే పైది వెడల్పు జాగాలో ఒదిగి ఉండేది. పాత డంపరు మూలుగుతూ ఆగకుండా పైకొచ్చేది. మలుపు దగ్గర ఏ బండీ ఒక్క క్షణం నిలబడలేదు. ఇంత చక్కటి పద్ధతిని ఇరవై ఏళ్ళు దాచుకున్నారా అని నాకు తిట్టాలనిపించింది, చప్పట్లు కొట్టాలనీ అనిపించింది. ఆరింటికి సంధ్యవాళ్ళు ఆ రికార్డును బండ్లకు నేర్పడానికి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. సంధ్య నన్ను లాడ్జికి పొమ్మంది. ఆ రాత్రి పుంటికూరతో (గోంగూరే) జొన్నరొట్టె తిన్నాను గానీ రుచి తెలియలేదు.

శనివారం ఆరున్నరకల్లా రేకుల గదిలో ఉన్నాను. డ్రైవర్లంతా ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. మేనేజరు గడియారం చూసి ఏడింటికి చెయ్యి ఊపాడు. సంధ్య ముందు బల్ల మీద ఎర్ర మీట ఉంది. దాన్ని నొక్కితే నాలుగూ ఆగుతాయి, పరీక్షా ఆగుతుంది.

బండ్లు మొదటిసారి ఎదురుపడింది ఏడూ ఇరవైకి. పాత డంపరు లోడుతో ఎక్కుతోంది. కొత్తది క్రషర్ నుంచి దిగుతూ వచ్చి, మలుపు చాలా దూరం ఉండగానే, పై వెడల్పు జాగాలోకి ఒదిగి ఆగింది. పాతది దాటిపోయింది. కొత్తది దిగింది. అంతే. గదిలో అందరం ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఎనిమిది, తొమ్మిది, పది. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. పదకొండింటికి క్యాంటీన్ నుంచి ఉప్మా వచ్చింది, నిలబడే తిన్నాం.

పన్నెండున్నరకు కథ అడ్డం తిరగబోయింది. దుమ్ము లేవకుండా ట్యాంకరు అతను ఎత్తుదారి మీద నీళ్ళు కాస్త ఎక్కువ చల్లాడు. పాత డంపరు నిండు లోడుతో సగం ఎత్తులో ఉండగా వెనక చక్రాలు జారాయి. బండి నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. కింద కొత్తది లోడుతో వచ్చి వెడల్పు జాగాలో ఆగింది. పైన టిప్పరు ఆగింది. పాతది అక్కడ నిలబడిపోతే ఇక మనిషి ఎక్కాల్సిందే. సంధ్య చెయ్యి ఎర్ర మీట మీదికి పోయింది.

"ఒత్తకు బిడ్డా," అన్నాడు మొగులప్ప. ఆయన ఎడమచెయ్యి గేరు పట్టుకున్నట్టు గాలిలోనే ఉంది, ఎడమకాలు నేలను నొక్కుతోంది. "జర ఆగు. ఇప్పుడు గేరు తగ్గిస్తది సూడు. నిన్న టిప్పర్ ఎనక వస్తుంటే, చక్రం జారబోతే, గీ జాగలనే నేను తగ్గించిన."

ఆయన మాట పూర్తికాకముందే ఇంజను చప్పుడు మారింది. బండి గేరు తగ్గించుకుంది. చక్రాలు ఇంకొక్కసారి జారి, రాయి పట్టుకున్నాయి. ఒక్కో అడుగే, ఒక్కో అడుగే పైకి లాక్కుంటూ వచ్చి మలుపు దాటింది. కింద కొత్తది అప్పుడు కదిలింది. మొగులప్ప కూలబడినట్టు కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు. టికెట్ యంత్రం మా చేతిలోంచి పని లాక్కుందే గానీ మా దగ్గర ఏమీ నేర్చుకోలేదు. ఈ బండి ఈయన దగ్గర నేర్చుకుంది. ఇన్నేళ్ళ నా కడుపుమంట ఆ గదిలో చల్లారింది.

రెండింటికి మేనేజరు గడియారం చూశాడు. ఎర్ర మీటను ఎవరూ ముట్టలేదు. ఆయన ముందు సంధ్యకు చెయ్యిచ్చాడు, తర్వాత పదకొండు మందికీ వరసగా ఇచ్చాడు. "పాత బండ్లు ఉంటాయి. మీరూ ఉంటారు. పుస్తకమే మారుద్దాం, వెడల్పు జాగాల పద్ధతి అందులో రాయండి" అన్నాడు. డ్రైవర్లు సంధ్యను భుజాల మీదికి ఎత్తబోతే, సిగ్గుపడి నా వెనక దాక్కుంది. మూడేళ్ళలో ఆ పిల్ల అలా నవ్వగా చూడలేదు.

తాండూరులో రెండు కిలోల కందిపప్పు కొని, నాలుగింటి తర్వాత వచ్చిన రైలెక్కాను. సంధ్య స్టేషను దాకా రాలేకపోయింది, రెండో షిఫ్టు ఉందట. ఈ ప్రయాణం చేయాలనుకునేవారికి నేను చెప్పేదొకటే: అనంతగిరి ఒక పూట చాలు, తాండూరులో రొట్టె తినకుండా రావద్దు, వీలైతే ఏదో ఒక గుట్టెక్కి గనుల వైపు కాసేపు చూడండి. దేశంలో చాలా చోట్లు చూశాను, అందమైనవి చాలానే ఉన్నాయి. నలుగురు ఇంజనీర్లను వెంటేసుకుని నా మేనకోడలు, పదకొండు మంది డ్రైవర్లు కలిసి మూడు జాతుల బండ్లను ఒక్క బాటన నడిపిన ఆ దుమ్ము గుంట నా కంటికి వాటన్నిటికంటే అందంగా ఉంది.

ధారూర్ దాటుతుండగా ఫోన్ మోగింది. మొగులప్ప.

"సార్, రెండో షిఫ్ట్ సుత మంచిగ నడుస్తుంది. మీకు చెప్పాలనిపించింది."

"నీ షిఫ్ట్ రెండింటికే అయిపోయింది కదయ్యా. ఇంటికి పోలేదా?"

"ఎవ్వరం పోలే సార్. పదకొండు మందిమి ఈడనే నిలబడ్డం. నా బండి ఇప్పుడే చడావు ఎక్కింది. ఇరవై ఆరేండ్లు లోపల కూసోని నడిపిన సార్. నేను ఎంత మంచిగ నడుపుతనో ఇయ్యాలనే సూసిన."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అటు వినబడుతున్న ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాను.